పోలమ్మ గారు మరిచిపోయిన భాగం

1961 వేసవిలో ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది సుగుణమ్మ గారు. ఆమె మా చర్చి సంఘంలో బైబిల్ ఉమన్. అంటే పులికాటు సరస్సు పక్క ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి. నేను కావలిలో ఒక ఆడవాళ్ళ మాసపత్రికకు వచ్చే కథలు చదివే పనిలో ఉండేదాన్ని. ప్రెస్సు గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విప్పకుండా ఆమె అన్నది: "మార్తా, నువ్వు కనుక్కోమన్న కథ ఇంక లేదు. చించి సరస్సులో కలిపేసినారంట."

నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు, మళ్ళీ కూర్చోలేకపోయాను.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. నాకు బడి చదువు లేదు. మా నాయన పెద్దక్షరాల బైబిలు ముందు పెట్టుకొని, వేలు పట్టి చదవడం నేర్పించాడు. ఆ చదువునే నమ్మి ఉద్యోగం ఇచ్చిన ఎడిటరు గారిని ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను. వచ్చిన కథల్లో పనికొచ్చేవి ఆయన బల్ల మీద పెట్టడం, మిగిలినవి రిటర్న్ కవరులో తిప్పి పంపడం నా వంతు. రిటర్న్ కవరంటే, రచయిత తన చిరునామా రాసి, స్టాంపు అంటించి, కథతో పాటు పంపే ఖాళీ కవరు.

దొరవారిసత్రం దాటి లోపలికి పోతే, సరస్సు ఒడ్డున ఒక జాలర్ల పల్లె ఉంది. అక్కడి నుంచి తులసమ్మ అనే ఆమె మాకు కథలు పంపేది. సూళ్ళూరుపేటలో మేనత్త ఇంట ఉండి ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న కోడలు. ఆమె కథలు కొన్ని తిరిగి వెళ్ళాయి. చివరిసారి వచ్చింది మాత్రం నన్ను వదల్లేదు. ఎండు రొయ్యలు అమ్ముకునే మనిషి ఒక పెళ్ళింటికి పోతుంది, వాసన అని ఆమెను లోపలికి రానివ్వరు. ఆ గడప బయట జరిగిందే కథ. కాకపోతే మొదటి పేజీ నిండా తెల్లవారడం, చివరి పేజీ నిండా సంఘానికి హితబోధ. "రెండు పేజీలకు తగ్గించి వెంటనే పంపండి, వేయించడానికి నేను చూస్తాను" అని అంచున రాసి తిప్పి పంపాను. ఎడిటరు గారిని బతిమాలి రాబోయే సంచికలో రెండు పేజీలు ఆపించాను.

రోజులు గడిచినా జాబు లేదు. ఆ ఊళ్ళు తిరిగే సుగుణమ్మ గారిని కనుక్కోమన్నాను. శనివారం ఆఖరి ఫారం మిషను ఎక్కుతుంది. ఫారమంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టు. కథ రాకపోతే ఆ పేజీల్లో అల్లికల నమూనా వేస్తామని ఎడిటరు గారు చెప్పేశారు.

సుగుణమ్మ గారు మిగతాది చెప్పింది. చించింది తులసమ్మ అత్తగారు, పోలమ్మ. కవరు విప్పకుండానే చించింది. నేను రాసిన మాట ఎవరూ చూడలేదు. పైగా, "ఇంకొక్కటి తిరిగొచ్చిందా, ఈ ఇంట్లో కాగితం, కలం కనపడకూడదు" అని తెగేసి చెప్పిందట. తులసమ్మ నకలు ఉంచుకోలేదు. సిరాబుడ్డి పక్కింటి పిల్లలకు ఇచ్చేసిందట.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ప్యాసింజరు ఎక్కాం. ఎడిటరు గారు, "ఒక్క కథ కోసం ఇంత దూరమా అమ్మా?" అన్నారు కానీ సెలవు ఇచ్చారు. బండి ప్రతి స్టేషన్లోనూ నిలబడిపోయేది. కిటికీ దగ్గర కూర్చునేదాన్ని, లేచేదాన్ని. సుగుణమ్మ గారు నవ్వి, "నువ్వు నిలబడితే బండి పరుగెత్తదు మార్తా" అన్నది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఆ రెండు పేజీలే కనపడేవి.

పోలమ్మ గారు అరుగు మీద కాళ్ళు చాపుకొని, బొటనవేలికి తగిలించుకున్న వల బాగుచేస్తోంది. మేమెవరమో విన్నాక కూడా తల ఎత్తలేదు.

"చించేసినా. అయితే ఏంది?"

"ఎందుకు పెద్దమ్మా?"

"చావు కబురు కార్డు వస్తే మీ ఊళ్ళో ఇంట్లో దాచుకుంటారా? చదివి చించేయరా? ఇదీ అంతే. పోయిన కాగితం పోయినట్టే తిరిగొచ్చినాది. మొన్నొకటి వచ్చిన రోజే మావోడి వల రాయికి తగిలి చీలికలైనాది. ఇదిగో, అదే కుడతా ఉండా."

నేను అడిగాను: "సూళ్ళూరుపేటలో అమ్ముడుపోని చేపల గంప ఏం చేస్తావు?"

"నాయుడుపేటకు ఎత్తుకుపోతా."

"కథ కూడా అంతే పెద్దమ్మా. ఒక పత్రిక తిప్పి పంపితే ఇంకో పత్రికకు పంపాలి."

"చేప తిరిగొస్తే కూరొండుకుంటాం. కాగితం ఉడుకుద్దా?"

సుగుణమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తులసమ్మ వాకిట్లోకి వచ్చింది. పాతికేళ్ళు కూడా లేని సన్నటి మనిషి. నేను మార్జిన్లో రాసిన మాట చెబితే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నేను చూడనే లేదక్కా" అన్నది, అంతే.

"మళ్ళీ రాయగలవా? సాయంత్రం బండికి నేను తీసుకుపోతాను" అన్నాను. నా సంచిలో కాగితాలు, పెన్సిలు, కార్బను ఉన్నాయి. ఆమె అత్త వైపు చూసింది. పోలమ్మ గారు వల ముడి బిగించింది.

తులసమ్మ పైకి చదువుకుంటూ రాయడం మొదలుపెట్టింది. తెల్లవారుజాము, తూర్పున ఎరుపు, నీళ్ళ మీద కొంగలు. కొట్టేసింది. మళ్ళీ అదే ఎరుపు, అవే కొంగలు. కొట్టేసింది. ఎండ అరుగు మీంచి వాకిట్లోకి దిగింది. కాగితాలు అయిపోతున్నాయి. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను.

"రావడం లేదక్కా. అప్పుడు రాసినట్టు రావడం లేదు."

అప్పుడు అరుగు మీంచి గొంతు వినబడింది. "ఆ కొంగలెందుకు మే? అది నేరుగా పెళ్ళింటి కాడ గంప దించింది గదా."

తులసమ్మ తలెత్తింది. ఆ ఇంట్లో కూర్చుని వినే మనిషి ఇంకొకరు లేరు. అందుకని పోస్టులో వేసే ముందు ప్రతి కథా అత్తగారు వల కుడుతుంటే ఆమె పక్కన కూర్చుని చదివేదట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"నీకు గుర్తుందా అత్తా?"

"చెవుడొచ్చిందా నాకు? గంప దించింది. లోపలి నుంచి ఒకామె 'వాసన, అవతలికి పో' అన్నది. ఇది పోలేదు. దొడ్డి పక్క నిలబడుకున్నాది. ఎందుకంటే ఇంట్లో బియ్యం లేవు. పెళ్ళికూతురు దొడ్డిదోవన వచ్చినాది, పసుపు చేతుల్తోనే. 'మా అత్తోళ్ళు నీసు తినరంట, మళ్ళీ ఎప్పుడు తింటానో' అని గుప్పెడు రొయ్యలు తీసుకొని కొంగున ముడేసుకున్నాది. ఇదేమో ఇంకో గుప్పెడు పోసింది. దుడ్లు అడగలేదు."

"రాయి" అన్నాను తులసమ్మతో. పెన్సిలు కదిలింది.

మధ్యలో ఆమె ఆగి అడిగింది: "తెల్లారడం చెప్పలేదే అత్తా?"

"తెల్లారకుండానే గంపెత్తుద్దా? దానికి వేరే చెప్పాలా?"

"మరి చివర సంఘం సంగతి?"

"అప్పటికి నాకు నిద్రొచ్చినాది."

ఈసారి తులసమ్మే నవ్వింది. ఆ రెండూ వదిలేసి రాసింది. అత్త చెప్పిన మాట అత్త చెప్పినట్టే పెట్టి, అక్కడక్కడ తన మాట కలుపుకుంది. పెళ్ళికూతురు ముడి వేసుకునేటప్పుడు మంగళసూత్రం అడ్డం వచ్చిందని ఒక్క వాక్యం కొత్తగా చేర్చింది. అది మాత్రం అచ్చంగా ఆమెదే. కాగితానికి ఒక వైపే రాయించాను, అంచు వదిలించాను, కింద కార్బను పెట్టించి ఒక ప్రతి ఆమె దగ్గరే ఉంచాను.

నేను లేచేటప్పుడు పోలమ్మ గారు సూటిగా అడిగింది. "ఇది కూడా తిరిగొస్తే?"

రాదు అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. తేల్చే బల్ల ఎడిటరు గారిది, నాది కాదు. "రావచ్చు పెద్దమ్మా. వస్తే మాత్రం చించొద్దు, పక్క ఊరికి పంపించండి" అన్నాను. ఆమె ఒప్పుకున్నట్టు కనపడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ కాగితాలను ఒళ్ళో నుంచి దించలేదు. మర్నాడు ఎడిటరు గారు చదువుతుంటే బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాను. ఆయన ఒకసారి చదివారు. మొదటి కాగితం మళ్ళీ పైకి తీసి ఇంకోసారి చదివారు. కళ్ళజోడు తీసి, "ఆ పొడుగు కథేనా ఇది?" అన్నారు. అవునన్నాను. "అల్లికలు వచ్చే నెలకు" అని కంపోజింగుకు పంపించేశారు. నేను పక్క గదిలోకి పోయి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

కథ తులసమ్మ పేరుతో వచ్చింది. అత్త పేరు కూడా వేయమని ఆమె జాబు రాసింది కానీ, పోలమ్మ గారే వద్దన్నదట: "నేనేం రాసినా? నేను చెప్పినా. చెప్పేదానికి పేరేంది?" ఆ తరువాత ఏడాదుల్లో తులసమ్మ కథలు ఎన్నో వచ్చాయి. కొన్ని తిరిగి వెళ్ళాయి కూడా. వాటిని ఆమె వేరే పత్రికలకు పంపింది. ఒకదానికి జవాబు వచ్చేలోగా ఇంకొకటి రాసుకుంటూ ఉండేది. ఇంట్లో కాగితం, కలం అలాగే ఉన్నాయి.

నేను ఆ బల్ల దగ్గర చాలాకాలం పనిచేశాను. కథ వేయించుకోవడం ఎలాగని కొత్తవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నకలు ఉంచుకోండి, పంపబోయే పత్రికను నాలుగు నెలలు చదవండి, ఎన్ని పేజీలు అడిగితే అన్నే పంపండి అని చెబుతాను. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను నేర్చుకున్నది ఇంకొకటి. చేతిలో పని ఉన్న మనిషికి మీ కథ చదివి వినిపించండి. కొన్నాళ్ళు ఆగి, ఆ కథ నాకు చెప్పు అని ఆ మనిషినే అడగండి. వాళ్ళు చెప్పింది పంపండి. వాళ్ళు మరిచిపోయింది, ఎంత కష్టపడి రాసినా, మీ దగ్గర ఉంచుకోండి.

ఇది నా తెలివి కాదు. మీ కథ ఎప్పుడైనా ఎక్కడైనా అచ్చయితే, పత్రిక విప్పి మీ పేరు చూసుకున్నాక, సరస్సు ఒడ్డున అరుగు మీద కూర్చుని వల కుట్టిన పోలమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి. ఆమె పేరు ఎక్కడా అచ్చు కాలేదు.