కారుకు తాడు కట్టొద్దు

మా వియ్యంకుడి విదేశీ కారు గురించి దివిసీమలో ఇప్పటికీ రకరకాలుగా చెప్పుకుంటారు. అందులో ముప్పాతిక భాగం ఆయన నోట పుట్టిందే గనక నమ్మడానికి వీల్లేదు. జరిగింది ఉన్నదున్నట్టు తెలిసినవాళ్ళం ఆయన కాక ఇద్దరమే. రెండోవాడు ఆయన దగ్గరే జీతానికి ఉండి నోరు విప్పడు. ఇక రాయవలసినవాణ్ణి నేనే.

నేను బందరులో మోటార్లకు వైండింగు చేసి బతికినవాణ్ణి. బడి చదువు అయిదో తరగతితో సరి. ఆ తర్వాతదంతా లైబ్రరీలోనూ, బజ్జీలు చుట్టిచ్చిన కాగితాల మీదా సాగింది. చదివింది మరిచిపోను, విన్నది అసలే మరిచిపోను. ఇలాంటివాడు వియ్యంకుడిగా ఎవరికీ పనికిరాడు. "మా బావగారి బుర్రలో దిగిన మేకు ఊడదండీ" అని ఆయన పదిమందిలో అనేవాడు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

తొంభైల చివర్లో రొయ్యల చెరువులు బాగా కలిసొచ్చాయి. నాగాయలంక దగ్గర ఉండే ఆయనకు ఉన్నట్టుండి పాత కారు ఇరుకైపోయింది. మద్రాసు బ్రోకరు మాట నమ్మి, ఎవరో వాడి వదిలేసిన పెద్ద విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు వాళ్ళది కాదు. నల్లగా నిగనిగలాడుతూ, ఈనబోయే గేదెలా ఉండేది. లోపల తోలు సీట్లు. అన్నిటికంటే విడ్డూరం, దానికి క్లచ్చి లేదు. గేర్లు వాటంతట అవే మారతాయట. ఊరంతా వచ్చి, తలుపు తీసి, వంగి, పెడళ్ళు లెక్కపెట్టి పోయారు.

"ఒకటి తక్కువుంది బావగారూ, మద్రాసులో ఎవడో పీక్కున్నాడు" అన్నాను ఉడికించడానికి.

"ఎడంకాలికి సెలవండీ. దర్జా అంటే అదీ. ఈ సంగతి మీ బజ్జీల కాగితాల్లో రాలేదా?" అన్నాడాయన.

దానికి డ్రైవరును నేనే కుదిర్చాను. మా పేటవాడే. నలభై దాటాయి. ఏళ్ళ తరబడి లారీ తోలి నడుం పోగొట్టుకున్నాడు. "ఈ ఒక్క ఉద్యోగం నిలబడితే చాలు బాబాయిగారూ, మళ్ళీ లారీ ఎక్కనండీ" అన్నాడు నాతో. ఉద్యోగం మాటేమో గాని, నెల తిరక్కుండా కారు నిలబడిపోయింది.

గుడివాడలో పెళ్ళి భోజనం చేసి వస్తున్నాం. ఊరు దాటాక, ఉన్నట్టుండి ఇంజను పూనకం వచ్చినట్టు అరుస్తోంది, బండి మాత్రం అడుగు కదలడం లేదు. డ్రైవరు గేరు కడ్డీని ముందుకీ వెనక్కీ జరిపాడు. దండం కూడా పెట్టాడు. లాభం లేకపోయింది.

ఇక్కడ మా ప్రాంతం అలవాటొకటి చెప్పాలి. కృష్ణా డెల్టాలో రోడ్డు మీద బండి ఆగితే, ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు. తాడు తెస్తారు. ప్రతి ట్రాక్టరు సీటు కింద ఒక లావుపాటి తాడు ఉంటుంది. అది సొంతానికి కాదు, పరాయివాళ్ళ కోసం. మనం నోరు తెరిచేలోపు ముడి పడిపోతుంది. వద్దంటే, విస్తరి ముందు కూర్చున్నవాడు లేచిపోయినంత అవమానంగా చూస్తారు. ఆ రోజూ అంతే. ఎవరో రైతు, ముక్కూమొహం తెలియనివాడు, మమ్మల్ని విజయవాడ ఆటోనగరు దాకా లాక్కుపోయాడు. కాఫీ కూడా పుచ్చుకోలేదు.

ఆటోనగరులో ఇలాంటి గేరుబాక్సులు విప్పే మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. ఆయన షెడ్డు రెండు సందుల దూరంలో ఉందనగా మా వియ్యంకుడు ట్రాక్టరు ఆపించాడు. తాడు విప్పించాడు. జేబులో దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. అక్కణ్ణించి నేనూ డ్రైవరూ చెమటలు కక్కుతూ కారును నెట్టాం. ఆయన వెనక సీట్లో కూర్చునే ఉన్నాడు.

"రాజాలా వచ్చిందండీ! సరిగ్గా మీ వీధిలోకి తిరగ్గానే మొరాయించింది" అన్నాడు మెకానిక్కుతో.

విదేశీ కారును ట్రాక్టరు ఈడ్చుకొచ్చిందని చెప్పడానికి ఆయనకు నామోషీ. ఆ నామోషీయే కారు కొంప ముంచింది. మెకానిక్కు లోపల అరిగినవి మార్చి పంపాడు. కొన్నాళ్ళకు ఉయ్యూరు దగ్గర, చెరుకు బళ్ళ మధ్య మళ్ళీ ఆగింది. మళ్ళీ తాడు, మళ్ళీ దువ్వెన, మళ్ళీ రాజాలా వచ్చింది. ఆ తర్వాత బంటుమిల్లి రోడ్డులో ఆగింది. బాగుచేసిన ప్రతిసారీ పాడవడం ఇంకాస్త ఎక్కువయ్యేది.

మా వియ్యంకుడు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. తప్పంతా డ్రైవరుదట. "లారీ తోలిన చెయ్యండీ అది! మొరటు చెయ్యి! కడ్డీని కల్లుముంతలా పట్టుకుంటాడు. ఈసారి ఆగిందంటే తాళం లాగేసుకుని ఇంటికి పంపించేస్తా."

నాకు ఒళ్ళు మండింది. డ్రైవరు నన్ను పక్కకు పిలిచాడు. "గేరు చెడగొట్టాడని పేరు పడితే దివిసీమలో సైకిలు కూడా చేతికివ్వరు బాబాయిగారూ" అన్నాడు.

అందుకని బంటుమిల్లి రిపేరుకు నేను కూడా వెళ్ళాను. మెకానిక్కు గేరుబాక్సులోని ముక్కలు గుడ్డ మీద పరిచి, తల పట్టుకున్నాడు.

"ఇంజను ఆపేసి ఎంత దూరం ఈడ్చారండీ దీన్ని?"

"ఈడ్చడమేంటండీ? రాజాలా..." అని మా వియ్యంకుడు మొదలెట్టాడు.

నేనిక ఆగలేకపోయాను. "రాజాలా ఏంటండీ! ట్రాక్టరు వెనకాల, బలికెళ్ళే దున్నపోతులా వచ్చింది. ప్రతిసారీ అంతే! తాడు రెండు సందుల అవతల విప్పుతున్నారు!"

మెకానిక్కు నిదానంగా చెప్పాడు. ఇంజను తిరిగితేనే గేరుబాక్సులో నూనె తోడే పంపు తిరుగుతుంది. ఇంజను ఆపి, చక్రాలు నేల మీద ఉంచి లాక్కొస్తే లోపలివన్నీ నూనె లేక ఎండుగా రాసుకుని అరిగిపోతాయి. మొదట వచ్చేది చిన్న జబ్బే, దాన్ని పెద్దది చేస్తున్నది ఆ తాడే.

తిరిగొస్తూ పామర్రు దాటాక మా వియ్యంకుడు, "ట్రాక్టరు లాగితే అరిగిపోయేదీ ఒక బండేనా! ఆ మెకానిక్కు డ్రైవరును వెనకేసుకొస్తున్నాడు" అన్నాడు. చదువుకున్న మూర్ఖుణ్ణి ఒప్పించవచ్చు. చెరువులు కలిసొచ్చిన మూర్ఖుణ్ణి ఒప్పించడం బ్రహ్మతరం కాదు.

ఆఖరిసారి ఆగినప్పుడు నేనూ కారులోనే ఉన్నాను. నాగాయలంక నుంచి నన్ను బందరులో దింపడానికి వస్తున్నారు. చల్లపల్లి దాటాక కాలవ గట్టు మీద కింద ఏదో రాయి తగిలి ఠంగుమంది. కాస్త దూరం పోయాక ఇంజను అరిచింది, కారు ఆగింది. దిగి చూస్తే దుమ్ములో ఎర్రటి నూనె ధార. ఈ కార్ల గేరు నూనె ఎర్రగా ఉంటుంది. ఆ సంగతి మాకు తెలుసు, లోకానికి తెలియదు.

గడ్డిమోపుతో వస్తున్న ఒక ముసలమ్మ మోపు కింద పడేసింది. "ఎవర్ని తొక్కారు నాయనా! ఇంత నెత్తురా!"

"నెత్తురు కాదమ్మా, నూనె."

"ఎర్ర నూనేంటయ్యా! కిందకి చూడండి, ఎవరున్నారో!"

ఆ కేకకు పొలాల్లోంచి జనం వచ్చారు. కొందరు వంగి కారు కింద శవం కోసం వెతికారు. లేదని తేలాక వాళ్ళ మొహాల్లో కొంచెం నిరాశే కనిపించింది. ఇంతలో రావలసింది రానే వచ్చింది, ట్రాక్టరు. తోలుకొచ్చిన రైతు నవ్వుతూ సీటు కిందినుంచి తాడు తీశాడు.

డ్రైవరు పరుగెత్తి కారు ముందు బంపరును కావిలించుకుని గొంతుక్కూర్చున్నాడు.

"కట్టనివ్వనండీ!"

"లేవయ్యా! నా కారయ్యా అది!" అని మా వియ్యంకుడు గుడ్లురిమాడు.

"కారు మీదేనండి. చెడిందంటే పేరు నాదండి."

"లేవకపోతే ఇక్కడికిక్కడే తాళం పడేసి పో!"

"తాళం ఇస్తానండి. బంపరు ఇవ్వనండి."

రైతుకు కోపం వచ్చింది. "మా తాడు మీ కారుకి తక్కువైందేంటండీ? పోయినేడు ఇదే తాడుతో బస్సును లాగాం!" చుట్టూ ఉన్నవాళ్ళు తాడు తరఫున గొంతులు కలిపారు. ఆ తాడు ఎంత గట్టిదో, ఏమేం లాగిందో ఏకరువు పెట్టారు.

నేను గొంతెత్తాల్సి వచ్చింది. "బావగారూ! బోరులో నీళ్ళు లేనప్పుడు మోటారు వేస్తారా?"

"ఎందుకేస్తానండీ?"

"వేసి, కాల్చి, నా కొట్టుకు ఎన్నిసార్లు తెచ్చారు?"

"నలుగురిలో ఆ మాటెందుకండీ ఇప్పుడు?"

"ఇదీ అదే! ఇంజను ఆగితే లోపల నూనె తోడేవాడు లేడు. ఉన్న నూనె కూడా రోడ్డు పాలైంది. చక్రం తిరిగినకొద్దీ లోపల ఎండు తిరుగుడే!"

మా వియ్యంకుడి మొహంలో ఏమీ వెలగలేదు. వెలిగింది రైతు మొహంలో. "అయ్యబాబోయ్, ఎండు తిరుగుడైతే కాలిపోద్దండీ!" అని గబగబా తాడు చుట్టేశాడు. పక్కనున్నవాడు అందుకున్నాడు. "మా మావయ్య మోటారు అలాగే పోయింది." ఇంకొకడు, "మాది రెండుసార్లు." క్షణంలో గాలి తిరిగింది. అందరూ మా వియ్యంకుణ్ణి జాలిగా చూస్తూ, "తాడు కట్టకూడదండీ, తెలియదా మీకు?" అని ఆయనకే బుద్ధి చెప్పడం మొదలెట్టారు. ఆయన జేబులో దువ్వెన కోసం తడుముకున్నాడు.

సాయం మాత్రం మానుతారా! రైతు తన బావమరిది ధాన్యం లారీని పిలిపించాడు. గట్టు పక్కన పల్లంలో కళ్ళం ఉంది. లారీని అక్కడికి దించి, వెనక తలుపు తీస్తే తొట్టి సరిగ్గా గట్టు ఎత్తుకు వచ్చింది. బల్లలు వేశారు. బ్రేకు తొక్కడానికి డ్రైవరు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. "నా కారులో నేనుండాలి" అని మా వియ్యంకుడు వెనక సీట్లో కూర్చున్నాడు. జనం "ఐలేసా" అని ఒక్క ఊపున లారీలోకి నెట్టేశారు.

అప్పుడు తెలిసింది, లారీ చెక్కలకూ కారు తలుపులకూ మధ్య అరచెయ్యి దూరదు. ఇద్దరూ లోపల ఇరుక్కుపోయారు. వెనక్కి లాగమని ఆయన కేకలేశాడు. "దింపేటప్పుడు దిగుదురు గాని లెండి" అని రైతు చెయ్యి ఊపాడు.

నేను లారీ క్యాబిన్లో హాయిగా కూర్చున్నాను. పామర్రులో ఆగితే ఇద్దరికీ కిటికీ సందులోంచి టీ అందించాను. సెంటరులో జనం మేడల మీదికెక్కి చూశారు. మా వియ్యంకుడు కాసేపు మొహం దాచుకున్నాడు. ఉయ్యూరు వచ్చేసరికి, వెనక్కి తిరిగి చూద్దును గదా, అద్దం దించి అందరికీ ఓట్లడిగేవాడిలా నమస్కారాలు పెడుతున్నాడు.

షెడ్డు దగ్గర ర్యాంపు వేసి కారును దింపారు. ఈసారి తాడు విప్పే పని, దువ్వుకునే పని లేకపోయాయి. మెకానిక్కు కిందికి దూరి, లేచి, చేతులు తుడుచుకున్నాడు. "ఒక్క పైపు పగిలిందండీ, అంతే. గేరుబాక్సు రాయిలా ఉంది. ఎవరో బుద్ధిమంతుడు ఈడ్వనివ్వలేదు."

గంటలో కొత్త పైపు వేసి, నూనె పోశాడు. మా వియ్యంకుడు డ్రైవరు వంక చూడలేదు. గోడకేసి చూస్తూ, "తాళం నీ దగ్గరే ఉంచుకోవయ్యా" అన్నాడు. వాడు తాళాన్ని రెండు చేతులా పట్టుకుని తలొంచుకున్నాడు. అక్కడ ఉండటం నాకు ఇబ్బందనిపించి, సందు చివర బడ్డీకి టీ తాగడానికి వెళ్ళాను. పోరాడి గెలిచినవాడికి ఆ మాత్రం టీ దక్కాలి.

గ్లాసు ఇంకా సగం కూడా కాలేదు, నల్ల కారు సందులోంచి బయటకు వచ్చింది. మా వియ్యంకుడు వెనక సీట్లో కాదు, ముందు డ్రైవరు పక్కనే కూర్చుని ఏదో చెబుతున్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. నేను గ్లాసు ఎత్తి చూపించాను. డ్రైవరు నన్ను చూశాడు. చెయ్యి కూడా ఊపాడు. కారు మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా గేర్లు మార్చుకుంటూ నా ముందునుంచి వెళ్ళిపోయింది.

బందరు బస్సులో కిటకిటలాడే జనం మధ్య నిలబడి ఇంటికి చేరాను. మర్నాడు వాడు మా పేటకు వస్తే వీధిలో పట్టుకుని కడిగేశాను. "నీ ఉద్యోగం కోసం నలుగురిలో అరిచినవాణ్ణి, నన్ను చూసీ ఆపవేమయ్యా?"

వాడు నొచ్చుకున్నాడు. "అయ్యగారు ఆపమనలేదండి బాబాయిగారూ. అప్పుడే నిలబడ్డ ఉద్యోగం కదండీ, చెప్పకుండా కారాపితే మళ్ళీ ఏమంటారోనని..."