టింగల్ అంటే సోమవారం కాదు

మా అమ్మకు అందరి మీదా అనుమానమే. ఉప్పు అమ్మేవాడు తూకంలో వేలు పెడతాడని, ఎదురు గట్టు వాళ్ళు మా కోళ్ళ మీద కన్నేశారని. ఆ బుద్ధి నాకూ ఉగ్గుపాలతోనే వచ్చింది, దాచడమెందుకు!

మలయాలో సుంగై సుమున్ అనే ఊరి దగ్గర ఏట్లో, పడవే మా ఇల్లు. తోటలో కూలీల వరసగదులు, అదే లైను, విడిచి వచ్చాక నాన్న అందులోనే కొబ్బరికాయలు మోశాడు. మేం అందులోనే వండుకున్నాం, పడుకున్నాం. దాన్ని అమ్మి, గట్టు మీద కాస్త నేల కొని పాక వేయాలని ఆయన ఆశ. పడవ అమ్మితే రేవు కచేరీకి సుంకం కట్టాలి. కాపురముంటున్న పడవైతే అక్కర్లేదు. సుంకం పడిందా, మిగిలినది నేలకు చాలదు, మళ్ళీ లైనుకే పోవాలి.

బేరం కుదిరాక అమ్మకు కొనేవాడి మీద అనుమానం పుట్టింది.

"ఏ పుట్టల ఏ పాముందో! సామానంతా పడవతోటే వచ్చిందంటాడు, సూడు."

నాన్న అతన్ని పిలుచుకు రావడానికి అటు గట్టుకు వెళ్ళగానే కుండలూ చాపలూ ఒడ్డుకు చేర్చేసింది. ఆఖరికి మట్టిపొయ్యి కూడా. పొయ్యి పరాయివాళ్ళ చేతికిస్తే ఇంటి లక్ష్మి పోతుందని మావాళ్ళ నమ్మకం.

సరిగ్గా అప్పుడే సుంకం గుమాస్తా వచ్చాడు. ఖాళీ పడవలోకి వంగి, వేలు చూపించి "టింగల్?" అన్నాడు. కాపురముంటున్నారా అని మలాయిలో అడిగాడన్నమాట. అమ్మకు మలాయి రాదు. తెలుగు కాక, లైనులో వంటపట్టిన అరవం ఒక్కటే వచ్చు. అరవంలో తింగల్ అంటే సోమవారం.

"సూసినావటే, కొనేవోడి మనిసే ఈడు, బేరం సోమారానికి తోసేత్తన్నాడు! ఏటో మతలబుంది," అని నా చెవిలో గొణిగి, అతని మీద అరిచింది: "తింగల్ ఇల్లె! ఇల్లె లా!"

ఇల్లె అంటే లేదని మలయాలో ఎవరికి తెలియదు! అతను మళ్ళీ అడిగాడు. అమ్మ ఇంకా గట్టిగా ఇల్లె అంది. సుంకం కాగితం రాసి అమ్మ చేతిలో పెట్టి పోయాడు.

నాన్న వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఓలమ్మా! ఉంటన్నారా అని అడిగినాడే ఆడు! సోమారం కాదే!"

కచేరీకి పరుగెత్తాడు. కాపురం లేదని మీ ఆడమనిషే చెప్పింది కదా అన్నారట. మేం లైనుకే తిరిగి వెళ్ళాం. అమ్మ చచ్చేదాకా తన నోటినే తిట్టుకుంది.

నా అనుమానం మాత్రం వేరు. అమ్మకు మాట అర్థం కాలేదని అతనికి తెలుసు. రాసే ముందు తలెత్తి చూశాడు, నేను పక్కనే ఉన్నాను. పొయ్యి ఉండే చోట ఆకుల కప్పంతా జిడ్డుమసి. దాన్ని వేలితో రుద్ది చూసుకున్నాడు. ఆ మసి మా పడవ అంచుకే తుడిచి, ఇందులో ఎవరూ కాపురం లేరని రాశాడు.