విమానాల పత్రిక మొదటి సంపుటి

కరోనా పోయీపోని రోజుల్లో దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని చిత్తుకాగితాల గోదాములో పనిచేసేవాణ్ణి. దేశం విడిచిపోతున్న తెల్లవాళ్ల ఇళ్ల నుంచి పుస్తకాలు లారీల్లో వచ్చేవి. కత్తితో అట్టలు చీల్చి, కాగితాన్ని ప్రెస్సులో పడేయాలి. అది ఫెళఫెళ నొక్కేసి, ఇనపతీగ బిగించి, కట్టను బయటికి తోస్తుంది.

సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి మా బస్సు ఆలస్యమైందని ఆ పొద్దున ముదీర్, అంటే మా మేనేజరు, అందరి ముందూ నా చెంప ఛెళ్లుమనిపించాడు. తిరిగి కొడితే వీసా ఖలాస్. పళ్లు నూరుకుంటూ కత్తి పట్టాను.

నా వంతుకు ఒక ఫ్రెంచి విమానాల పత్రిక వచ్చింది, ఏడాదికొక సంపుటిగా కట్టి. భాష రాదు, బొమ్మలే చూశాను. మొదటిది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తల్లోది. నాసిరకం కాగితం, కూలిన విమానాలు, గుంతలు పడ్డ రన్‌వేలు. తొలిపేజీలో మీసాల మనిషి ఒకడు విమానం రెక్క మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. అచ్చం ముదీర్ మీసాలే. ఆ మొహాన్ని కత్తితో అడ్డంగా కోశాను. మళ్లీ కోశాను. హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు! తర్వాతి సంపుటాల్లో కాగితం నునుపెక్కింది, రంగులొచ్చాయి, జెట్లొచ్చాయి. అన్నింటినీ చీలుస్తూ పోయాను.

మధ్యాహ్నం ఒక ముసలి ఫ్రెంచాయన కారు దిగాడు. వెంట కరీంనగర్ వైపు డ్రైవరు.

“తమ్మీ, పనోళ్లు గలతీల ఈడికి తోలిన్రట. లడాయి అయినంక ఈయన నాయిన పెట్టిన పత్రిక అది. ఈయన చేతులల్లనే బందయింది. మొదటి బుక్కు ఒక్కటి దొరికినా సాలంటుండు. అండ్ల నాయిన ఫోటో ఉన్నదట.”

నేను కట్టల వైపు పరుగెత్తాను.

ఆ సంపుటి పడ్డ కట్ట అప్పటికే బిగిసిపోయింది. ముదీర్ అరుస్తున్నా వినకుండా కట్టర్‌తో తీగ తెంపాను. అది కొరడాలా లేచి నా చెంప చీల్చింది. కాగితాల నిండా నెత్తురు. ముదీర్ చెయ్యెత్తాడు. ఈసారి ఆ మణికట్టు పట్టుకుని, అతను కేక పెట్టేదాకా మెలితిప్పాను. వీసా సంగతి అప్పుడు గుర్తే లేదు.

పేజీ దొరికింది. మొహం పేలికలైంది. ముసలాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, పేలికల్ని ఒకదాని పక్కన ఒకటి చేర్చి చూసుకున్నాడు.

“మిషిను గింత ఘోరంగ చింపిందా?” అన్నాడు డ్రైవరు.

“మిషిన్ల వడితె గంతే అన్నా,” అన్నాను.

ముసలాయన జేబురుమాలు తీసి నా చెంపకు అదిమి పట్టాడు. “షుక్రన్, షుక్రన్” అని అరబ్బీలో థ్యాంక్స్ చెబుతూ ఏడ్చాడు. వాళ్ల నాన్నను నేనే కాపాడాననుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా కత్తితో కోసింది నేనేనని చెప్పలేదు.