బాపు చాటింపు... దేవుని కోపం

మా చిన్నప్పుడు... ఆదివారం మందిరంలో పాస్టరు అయ్యగారు బైబిల్లోని ప్రవక్తల గ్రంథాలు చదువుతుంటే నేను అవ్వ కొంగులో ముఖం దాచుకునేదాన్ని. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మాట వినని జనం మీద దేవునికి కోపం వచ్చిందట... ఊళ్ళు పాడుబడతాయట... పొలాల్లో మిడతలు తప్ప ఏమీ మిగలదట...

అందరికీ అది పాత కాలపు సంగతి. నాకు మాత్రం ఇంటి సంగతి. మా బాపు మందిరం గడప తొక్కేవాడు కాదు మరి! దేవుడు ముందుగా ఆయన్నే పట్టుకుంటాడని నాకు ఒకటే దడ. బాపు ప్రార్థన చేయకుండా ముద్ద నోట్లో పెట్టుకుంటే, ఆయన బదులు నేను కళ్ళు మూసుకునేదాన్ని.

మాది మంథని. బాపు డప్పు కొట్టి ఊళ్ళో చాటింపు వేసేవాడు.

ఒక వానాకాలం గోదావరి ఉబ్బింది. ఒడ్డు వాడలో ఇళ్ళు ఖాళీ చేయమని చాటడానికి బాపు పొద్దున్నే వెళ్ళాడు. సామాన్లు మోయడానికి అవ్వ, నేను వెంట నడిచాం. వానకు తడిసి డప్పు మూగబోయింది. తోలు బిగిసేలా మంట మీద కాచుదామంటే నిప్పు ఎక్కడిది... ఇక గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాడు.

అందరూ కదిలారు, ఒంటరిగా ఉండే ముసలి రాజవ్వ తప్ప.

"ఎన్ని గోదార్లు సూడలే నేను... పోరా!" అంది, మేకను పట్టుకుని.

"నీ మొండితనం మన్నుగాను! మునిగి సావు! నీ మొకం గూడ సూడ!" అని తిట్టి బాపు నాలుగడుగులు వేసేవాడు. మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. మళ్ళీ తిట్టేవాడు.

నాకు ఏడుపొచ్చింది. "అవ్వా, బాపుకు రాజవ్వంటే గంత కోపమెందుకే?"

"సావాలని గాదు బిడ్డా. గట్లయితే ఊకె ఇంటికి పోయి పండుకుంటుండె గద! అయ్యగారు సదివేది గూడ గిదే. మునుగుతదని ముందుగాల జెప్పేది, మునగొద్దనే."

చివరికి రాజవ్వ బాపును నోటికొచ్చినట్టు తిడుతూ, మేకతో సహా బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె మట్టిగోడలు నీళ్ళలో కూలిపోయాయి. తన మాటే నిజమైందని బాపు మురిసిపోలేదు. వాడవాళ్ళంతా తలదాచుకున్న బడి అరుగు మీద ఆమె పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాతి ఆదివారం నేను ముఖం దాచుకోలేదు. అయ్యగారు చదివిన ప్రతి మాటా నాకు బాపు బొంగురు గొంతుతోనే వినిపించింది. ఇట్లా కోప్పడే దేవుడైతే మా బాపును విడిచిపెట్టడని ధైర్యం కలిగింది.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వరదొస్తే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. తొందరగా తెలుస్తుంది, మంచిదే. చూసి పక్కన పెట్టేస్తాం. వినలేదని ఎవరూ వెనక్కి వచ్చి తిట్టరు...

మిమ్మల్ని అట్లా తిట్టి, మీ కోసం ఏడ్చినవాళ్ళు ఉంటే కింద రాయండి. వాళ్ళు ఇంకా ఉన్నారా... అయితే రాయడం తర్వాత, ముందు వాళ్ళకు ఫోన్ చేయండి.