ఇన్సూరెన్స్ సార్

నర్సయ్య సార్ లేరు.

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ వచ్చింది. నాకు మెకానిక్ పని నేర్పిన పాత ఓనర్ యాదగిరన్న. "సైదులూ, సార్ పోయిండురా. హార్ట్ ఎటాక్ అంట. జల్దీ బయల్దేరు."

ఏ సార్ అని అడిగాను. నాకు సార్ అంటే ఆయనొక్కరే. అయినా అడిగాను.

దమ్మపేట నుంచి ఖమ్మం దాకా దారి ఎట్లా గడిచిందో తెలీదు. ఖానాపురం హవేలిలో సార్ ఇంటి ముందు స్టాండ్ వేయకుండానే బండి దిగాను. అది పక్కకు పడిపోయింది.

ఈ పోస్ట్ పొద్దుటి నుంచి రాయడం, డిలీట్ చేయడం. ఒకసారి "మా ఫ్యామిలీ ఫ్రెండ్" అని రాశాను. అబద్ధం. తీసేసి "మా ఇన్సూరెన్స్ సార్" అని రాశాను. అది ఇంకా పెద్ద అబద్ధం.

దమ్మపేటలో మా వీధికి ఆయన ఇన్సూరెన్స్ సారే. నల్ల బ్యాగుతో బస్సు దిగి, మా అమ్మ ఇచ్చిన టీ తాగి, అందర్నీ పలకరించి వెళ్లే మనిషి.

అసలు ఆయన ప్రొబేషన్ ఆఫీసర్. తప్పు చేసిన కుర్రాళ్లను కోర్టు జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటామని బాండ్ రాయించుకుని వదిలితే, వాళ్లు మళ్లీ అటు పోకుండా కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం.

ఆ కుర్రాళ్లలో నేనొకడిని.

రాసేశాను. ఇక డిలీట్ చేయను.

పంతొమ్మిదేళ్లప్పుడు సత్తుపల్లి బస్టాండ్ దగ్గర ఒకాయన బండి ఎత్తుకుపోయాం, నేనూ నా దోస్తూ. అవసరం ఏమీ లేదు. తాళం దానికే ఉంది, కొవ్వెక్కి తీసుకుపోయాం. దోస్తు తప్పించుకున్నాడు, నేను దొరికాను.

నెలకోసారి నేను ఖమ్మం వెళ్లి సంతకం పెట్టాలి. నెలకోసారి సార్ మా ఇంటికి వచ్చి చూడాలి. మొదటిసారి ఆయన గవర్నమెంట్ జీపులో వచ్చారు. వీధి వీధంతా మా గుమ్మం ముందుకొచ్చింది. ఆ తర్వాత మా అమ్మ మూడు రోజులు బయటికి రాలేదు.

అది సార్‌కు ఎట్లా తెలిసిందో! మళ్లీ నెల బస్సులో వచ్చారు, చేతిలో ఏజెంట్ బ్యాగు. "గా రోజు తెలిసినాయన జీపు దొరికితే ఎక్కొచ్చిన. నేను ఇన్సూరెన్స్ మనిషిని" అని వీధి చివరి నుంచే చెప్పుకుంటూ వచ్చారు.

అందరూ నమ్మేశారు. ఎంతగా అంటే, ఎదురింటి లచ్చమ్మత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఏంది సారూ, ఆ పిల్లగానికే రాస్తవా? నాకు పాలసీ రాయవా?" సార్ మొహం చూడాలి! మళ్లీ నెల నిజం ఏజెంటును ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చి, ఆమెకు పాలసీ కట్టించారు.

యాదగిరన్న దగ్గర పనికి పెట్టించింది కూడా ఆయనే. అప్పుడొక మాట చెప్పారు. "ఇద్దరికి మాత్రం నిజం చెప్పాలె. పని ఇచ్చేటోనికి, రేపు నిన్ను చేసుకునే పిల్లకు. మిగతా లోకానికి ఎప్పుడు చెప్తవో నీ ఇష్టం."

ఆ ఇద్దరికీ చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు.

బాండ్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుందనగా పాత దోస్తు ఫోన్ చేశాడు. ఒక్క బండి, అడవి రోడ్డులో భద్రాచలం దాటిస్తే చాలన్నాడు. నేను సరే అన్నాను. అవును, సరే అన్నాను. అదే రోజు సంతకం ఉంది. సార్‌కు ఫోన్ చేసి జ్వరమని చెప్పాను.

"ఏ దవాఖానాకు పోయినవ్?" అన్నారు. నేను ఫోన్ కట్ చేశాను.

మధ్యాహ్నానికల్లా యాదగిరన్న షాపు ముందు బ్యాగుతో నిలబడి ఉన్నారు. పాత టైరు మీద కూర్చుని కార్బరేటర్ విప్పి చూపించమన్నారు. ఇదేంది, అదేంది అని ఒకటే ప్రశ్నలు. నా ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎత్తు. కస్టమర్ ఉన్నడని చెప్పు."

చెప్పాను. మళ్లీ మోగింది. మళ్లీ అదే చెప్పాను. పొద్దువాలేసరికి ఫోన్ ఆగిపోయింది. సార్ లేచి, ప్యాంటుకు అంటిన నల్లమసి దులుపుకున్నారు. "రేపొచ్చి సంతకం పెట్టు. జ్వరం తగ్గుతది."

ఆ దోస్తు ఆ వారమే ఆ బండితో దొరికిపోయాడు. సార్ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇక నిన్నటి సంగతి.

సార్ వాళ్ల అమ్మాయి "నాన్న మీకెట్ల తెలుసన్నా?" అని అడిగింది. నా నోటికి అలవాటైపోయిన మాటే వచ్చింది. "ఇన్సూరెన్స్, అమ్మా."

పక్కన ఇల్లందు నుంచి వచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. ఆయన్నీ అడిగింది. "నాది కూడా ఇన్సూరెన్సే" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ అమ్మాయి మమ్మల్ని కాసేపు చూసి, "నీళ్లు తాగండన్నా" అంది.

అప్పుడే కుర్చీలో కూర్చున్న బంధువు ఒకాయన గట్టిగా అన్నాడు. "బతుకంతా దొంగలెంబడే తిరిగిండు మా బావ. ఒక్కడన్నా బాగుపడ్డడా? ఇయ్యాల ఒక్కడన్నా వచ్చిండా?"

నేను వచ్చానని చెప్పలేదు. సార్ అక్కడ పడుకుని ఉన్నారు, నేను తల వంచుకుని నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంకా వేస్తోంది.

నా షాపులో ఇప్పుడు ఏడు బళ్లున్నాయి. తాళాలన్నీ గోడకున్న మేకుకే ఉన్నాయి. ఇది చదివాక ఎవరికైనా మనసొప్పకపోతే వచ్చి బండి తీసుకుపోండి. ఏమీ అనుకోను. రేపు తొమ్మిదికి షాపు తీస్తాను.

ఆ బంధువు గారి పేరు నాకు తెలీదు. ఈ పోస్ట్ ఆయన దాకా చేరేట్టు ఎవరైనా షేర్ చేయండి.

ఒక్కడన్నా వచ్చిండా అన్నారు కదండీ. వచ్చాను. మీ కుర్చీ వెనకే ఉన్నాను.

సార్, ఇక మా కోసం బస్సులెక్కే పని లేదు. నిమ్మళంగా పడుకోండి.