బెత్తెడు మంచు

ఎల్వుడ్ టెయిట్ అంత మొండి మనిషిని నేను బుద్ధెరిగాక చూడలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఏటికన్నా బలవంతుడని మాత్రం ఎవరూ అనలేదు.

డన్నెట్ రేవులో ఉన్న ఒక్క కొట్టూ నాది. ఎండాకాలమంతా ఏటి ఒడ్డు కాటేజీల్లో సెలవులకి దిగే జనం ఐస్‌క్రీముకీ, చేపల ఎరకీ, పడవల్లోకి పెట్రోలుకీ వచ్చి నా ప్రాణం తోడేస్తారు. అక్టోబరులో థాంక్స్‌గివింగ్ విందు కాగానే నీళ్ల గొట్టాలు ఖాళీ చేసి, కిటికీలకు చెక్కలు కొట్టుకుని టొరంటో వెళ్లిపోతారు. ఇక మిగిలేది మేం గుప్పెడు మందిమి.

ఎండాకాలం ఎల్వుడ్ ఆ జనానికి పడవలు కట్టేసుకునే చెక్క వంతెనలు బాగుచేసేవాడు. ఏం కావాలన్నా 'ఏయ్ ఎల్వుడ్' అని కేకేసేవాళ్లు. చలికాలం వస్తే అతనే మాకు పెద్ద. ఏరు గడ్డకట్టాక గునపంతో ముందు పొడుచుకుంటూ, ఆ చప్పుడు వింటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ అవతలికి వెళ్లేవాడు. దారి పొడుగునా చెట్లు నాటేవాడు. క్రిస్మస్ అవగానే ఊరంతా ఇళ్లలోని చెట్లు తెచ్చి అతని వాకిట్లో పడేసేది. గడ్డకి కంత పెట్టి, చెట్టు నిలబెట్టి, చుట్టూ నీళ్లు పోస్తే తెల్లారేసరికి రాయిలా బిగుసుకునేది. చెట్ల వరస అవతలి గట్టు చేరిందంటే ఏరు తెరిచినట్టు, లేదంటే లేదు. "బెత్తెడు మంచు మనిషికి, జానెడు మంచు బండికి" అనేవాడు. ఎవరైనా తొందరపడితే, "చేపలకి తిండికేం కరువు లేదు, నువ్వెందుకు పోవడం?" అని తిట్టి పంపేవాడు.

అవతలి గట్టున టౌను. రోడ్డు మీద చుట్టు తిరిగి, ఏటి దిగువనున్న వంతెన దాటి పోతే గంట పైన పడుతుంది. ఏటి మీదైతే గట్టిగా అరిస్తే వినపడే దూరం. ఎల్వుడ్ పెళ్లాం మావిస్ ఆ టౌను పిల్లే. "ఊరి కోసమని మీరు మురిసిపోతున్నారు. ఆ చెట్లు మా పుట్టింటికి దారి పట్టుకోడానికి నాటాడు దొంగసచ్చినోడు" అని నా కొట్లో కూర్చుని నవ్వేది. ఎల్వుడ్ చెవులు ఎర్రబడేవి.

మా ఊరి కుర్రాడు లైల్ మెక్‌ఫీ చచ్చిపోయాకే ఎల్వుడ్ మారాడు. ఆ ఏడు మంచు పలచగా ఉందేమో చూద్దామని ఎల్వుడ్ ఒక్కడే అవతలిదాకా నడిచి వచ్చాడు. చెట్లు నాటలేదు. లైల్ అడిగితే "వద్దురా, ఇంకా ఆగు" అని నోటితో చెప్పాడు కూడా. సాయంత్రం లైల్ అతని అడుగులు పట్టుకుని, కట్టెల బండి లాక్కుంటూ బయల్దేరాడు. బండి బరువుకి గడ్డ విరిగింది. వసంతంలో గానీ శవం దొరకలేదు. ఎవరూ ఎల్వుడ్‌ని ఒక్క మాట అనలేదు. అతనే అనుకున్నాడు. అప్పట్నుంచి చెట్లు నాటకుండా గడ్డ మీద ఏరు దాటలేదు. ఎందుకని అడిగితే, "నా మాట ఎవరు విన్నారు? అడుగులే చూశారు" అన్నాడు.

పోయిన శరదృతువులో మావిస్‌కి పక్షవాతం వచ్చింది. టౌనులో ఏటి ఒడ్డునే ఉన్న ముసలివాళ్ల ఆసుపత్రిలో పెట్టారు. మాట పడిపోయింది. నర్సులు పెడితే నోరు బిగించుకునేది. ఎల్వుడ్ పెడితేనే నాలుగు చెంచాల ఓట్స్ జావ, అందులో కాస్త మేపుల్ పాకం, మింగేది. చూపు తగ్గిందని అతని డ్రైవింగ్ లైసెన్సు అప్పటికే లాగేసుకున్నారు. అందుకని రోజూ పడవేసుకుని వెళ్లేవాడు. డిసెంబరులో ఏట్లో గడ్డలు తేలి, పడవ చెక్కలు కోసేస్తుంటే ఆపాడు. తర్వాత కుదిరినప్పుడల్లా కొట్టు మూసి నా ట్రక్కులో తీసుకెళ్లేదాన్ని.

"అవతలే ఒక గది తీసుకో కదయ్యా" అన్నాను.

"మరి ఏరు ఎవరు చూస్తారు, ఇనెజ్?"

"పోతే పోయింది ఏరు! దానికేమైనా తాళి కట్టావా?"

నవ్వలేదు. గడ్డ కట్టనీ, రోజుకి రెండుసార్లు వెళ్లొస్తానన్నాడు.

గడ్డ కడితేగా! క్రిస్మస్‌కి వాన పడింది. జనవరి సగమైనా నడి ఏట్లో గడ్డ రెండు వేళ్ల మందం దాటలేదు. గడ్డ మీద పరిగెత్తే పెద్ద పెద్ద మోటారు మంచుబండ్లు వేసుకుని టొరంటో నుంచి వారం వారం వచ్చే కాటేజీ ఆసామి గ్రాంట్, "చెట్లెప్పుడు పెద్దాయనా?" అని అడగడం, ఎల్వుడ్ తల అడ్డంగా ఊపడం, ఇదే వరస.

తర్వాత గడ్డకట్టే వాన మొదలైంది. పడ్డ చుక్క పడ్డచోటే గాజైపోయింది. కరెంటు తీగలు తెగాయి, రోడ్డు మూసేశారు. ఆ పొద్దున్నే కొట్టుకి ఫోనొచ్చింది. మావిస్ నిన్నట్నుంచి నీళ్లు కూడా మింగట్లేదట. ఆయన్ని ఎలాగైనా పంపమని నర్సు బతిమాలింది.

ఎల్వుడ్ గునపం తీసుకుని ఏటికి దిగాడు. గొడుగు పట్టుకుని, జారుతూ, నేనూ వెనకే వెళ్లాను. ఒడ్డు దగ్గర గడ్డ గట్టిగానే మోగింది. కొంచెం ముందుకెళ్లి పొడిచాడు, చప్పుడు మారింది, అక్కడ పలచన.

"పడవ ముందుకు తోసుకుంటూ పో" అన్నాను. "గడ్డ విరిగితే అందులోకి ఎక్కేయొచ్చు. మీ నాన్న పోయేవాడు కాదూ?"

"పోవచ్చు. నేను చేరతాను కూడా."

"మరింకేం?"

"పడవ జాడ పడుతుంది. ఈ వాన ఆగి మంచు కప్పేదాకా చెరగదు."

"నేనిక్కడే నిలబడతాను. ఒక్కణ్ణి దిగనివ్వను. దిగితే కాళ్లు విరగ్గొడతాను, సరేనా?"

"అవతలి గట్టున ఎవరు నిలబడతారు?" టౌను వైపు చూశాడు. అక్కడి కుర్రాళ్ల మంచుబండ్లు ఒడ్డు వెంట అప్పటికే రొద పెడుతున్నాయి. "ఎల్వుడ్ వచ్చాడంటే ఏరు తెరిచినట్టే వాళ్లకి."

"పోలీసులకి ఫోన్ చేస్తా, ఆసుపత్రికి చేస్తా! అది అక్కడ ఆకలితో పోతుంటే, ముక్కూమొహం తెలీని వెధవల కోసం నువ్విక్కడ ఆగుతావా? మనిషివేనా?"

వాన అతని టోపీ మీద పెంకులా కట్టుకుంది. ఆసుపత్రి కిటికీలు వరసగా కనపడుతూనే ఉన్నాయి. చివరికి వంగి, ఒడ్డు మీంచి గడ్డ మీదికి విరిగిపడ్డ దేవదారు కొమ్మ అందుకున్నాడు. వెనక్కి నడుస్తూ, తన అడుగులు తనే ఊడ్చుకుంటూ గట్టెక్కాడు. ఏడుస్తున్నాడు. నాకు అతన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

రోడ్డు తెరిచే లోపే మావిస్ పోయింది. ఫోను నేనే ఎత్తాను. పొయ్యి పక్కన కూర్చున్న ఎల్వుడ్, నేను చెప్పకముందే టోపీ తీశాడు.

అతను చేసింది మంచిదని ఊళ్లో పాదిరిగారు చెప్పారు. ఎవరి ప్రాణం నిలిచిందో పేరు చెప్పమనండి. పోయినామె పేరు మటుకు నేను చెప్పగలను.

ఫిబ్రవరిలో చలి విరుచుకుపడింది. వారం తిరక్కుండా ఏరు జానెడు కట్టింది, నల్లగా, గాజులా. ఎల్వుడ్ చెట్లు బండి మీద వేసుకుని బయల్దేరితే నేను వెనక తోశాను. అవతలి గట్టు దగ్గర ఆఖరి చెట్టు నాటి, నీళ్లు పోసి, నడుం ఎత్తాడు. గట్టు ఎక్కడానికి అతనికి అక్కడ పనేమీ లేదు.

అప్పటికే వెనక ఇంజన్లు మోగాయి. గ్రాంట్ మా పక్కకొచ్చి బండి ఆపాడు. నవ్వుతూ కళ్లద్దాలు పైకెత్తాడు.

"థాంక్స్ పెద్దాయనా! అయినా ఈ ఏడు బాగా ఆలస్యం చేశారు."

నేను నోరు తెరిచాను. ఎల్వుడ్ చేత్తో ఆపాడు.

"అవును బాబూ," అన్నాడు. "ఆలస్యమైపోయింది."