పోపు రాయని నోటుబుక్కు

నా కోడలికి వంట రాదని పెళ్ళైన నాలుగో రోజునే తేల్చేశాను. వాళ్ళు మూడు తరాలుగా చిలకలగూడలో ఉన్నవాళ్ళు. మేము విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ కార్ఖానా అనే పేటలో ఇల్లు కట్టుకున్నవాళ్ళం. వాళ్ళ చారులో వెల్లుల్లి, మా చారులో ఇంగువ. అందుకని పద్నాలుగేళ్ళుగా వంటిల్లు నా చేతిలోనే ఉంది.

మనవరాలికి పదకొండేళ్ళు. నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే గుమ్మానికి ఆనించి నిలబెట్టి ఎత్తు, ఆ తర్వాత బరువు చూసి రాసేదాన్ని. పద్నాలుగు నెలల్లో ఒక్క సెంటీమీటరు పెరిగింది. బరువు ఇరవై నాలుగు కిలోల దగ్గర ఆగిపోయింది. తిండికి లోటు లేదు. పొద్దున్న గోధుమరవ్వ ఉప్మా, రాత్రి మూడు చపాతీలు, బలం కోసమని నేనే దగ్గర కూర్చుని తినిపించాను. పొట్ట ఉబ్బేది, తిన్నది నిలిచేది కాదు. నోట్లో పుళ్ళు, రాత్రిళ్ళు కాళ్ళ పీకుళ్ళు. స్కూలు సంచిలో కొరికిన సుద్దముక్కలు కనపడితే చెంప మీద ఒక్కటిచ్చాను. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్ళు మట్టీ సుద్దా తింటారని అప్పటికి నాకు తెలియదు.

బేగంపేటలో డాక్టరు కడుపులోకి గొట్టం వేసి చూసి సెలియాక్ జబ్బు అన్నాడు. చిన్నపేగు లోపలి గోడ మఖ్మల్ గుడ్డలా నూగుతో ఉంటుందట. తిండిలో సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. ఈ పిల్లకు గోధుమ తగిలితే ఒళ్ళే ఎదురుతిరిగి ఆ నూగును రాల్చేస్తోంది. గోడ నున్నబడిపోయాక ఇనుమూ కాల్షియమూ కొవ్వూ ఎంత పెట్టినా ఒంటికి పట్టవు.

"గోధుమ మానేస్తే పేగు మళ్ళీ మామూలవుతుందమ్మా. కానీ ఎత్తు పెరిగే వయసు ఇంకో రెండు మూడేళ్ళే. ఈలోగా పేగు బాగుపడాలి. గోధుమ పిసరంత కూడా లోపలికి వెళ్ళకూడదు" అన్నాడు.

పిసర్ల సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. పిండి డబ్బాలు ఖాళీ చేశాను. చపాతీల పీట, కర్ర, పెనం ఇంట్లోంచి పంపేశాను. కొత్త నోటుబుక్కులో గీతలు కొట్టి తేదీ, పూట, ఏం తింది, ఎంత తింది రాయడం మొదలుపెట్టాను. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు. ఆరు నెలలు రాశాను. ఆరో నెల రక్తపరీక్షలో జబ్బు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది.

నా పుస్తకంలో ఖాళీగా ఉన్నవి ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే. ఆ పూట పిల్ల చిలకలగూడలో అమ్మమ్మ దగ్గర తినేది.

"మీ అమ్మ ఏం పెడుతోంది దానికి?" అని కోడల్ని నిలదీశాను.

"ఏం పెడ్తది అత్తమ్మా, అన్నమే పెడ్తది."

"మైదా గరిజెలో, చాయ్‌లో ముంచి బిస్కెట్టో. అవి లేనిదే మీ ఇంట్లో తెల్లారదుగా."

"మా ఇంటి గురించి గట్ల మాట్లాడకుండ్రి. మైదా సుత బయట పారేసింది మా అమ్మ."

"అయితే ఈ రిపోర్టు అబద్ధం చెబుతోందా?"

పిల్లను పిలిచి అడిగాను. "ఏం తిన్లేదు నానమ్మా, ఒట్టు" అంది. సుద్దముక్కలప్పుడూ ఒట్టే వేసింది కనక నమ్మలేదు. ఆదివారాలు ఆపేయించాను. మా అబ్బాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే సరే అన్నాడు.

ఇరవై రెండు ఆదివారాలు. మధ్యలో ఒకసారి వియ్యపురాలు జామకాయలు పట్టుకుని వచ్చింది. మెట్ల మీదే సంచీ అందుకున్నాను.

"జామకాయల సుత గోధుమలుంటయా, వదినా?" అందావిడ. లోపలికి రమ్మనలేదు.

మళ్ళీ పరీక్ష చేయిస్తే మళ్ళీ అదే. ఈసారి డాక్టరు పథ్యం చెప్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. వంటింట్లో ఉన్న డబ్బాలన్నీ, ఉప్పుతో సహా, తెమ్మంది. కోడల్నీ పిల్లనీ వెంటబెట్టుకుని అన్నీ తీసుకెళ్ళాను. అన్నిటికంటే పైన నోటుబుక్కు పెట్టాను. ఆ అమ్మాయి నాలుగు పేజీలు తిప్పింది.

"చారు అని రాశారు. అందులో ఏం వేస్తారు?"

"చింతపండు, చారుపొడి, పోపు."

"పోపులో?"

"ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ."

ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి నా చేతికిచ్చింది. ఆ అక్షరాలు నాకు ఆనలేదు. కోడలు లాక్కుని చదివింది. జిగురు, గోధుమపిండి, ఇంగువ. ఉత్త ఇంగువ మరీ ఘాటని పిండి కలిపి పొడి చేస్తారట, కొన్నిట్లో బియ్యప్పిండి, నేను కొనేదాంట్లో గోధుమపిండి.

"విన్నరా అత్తమ్మా? జెర మళ్ల చదవాల్నా?" అంది కోడలు, బయట కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా.

పప్పులో, చారులో, మజ్జిగపులుసులో, చెయ్యి జారినట్టు వేస్తాను నేను. పోపును తిండి అనుకోలేదు, అందుకే రాయలేదు.

తిరిగొచ్చేటప్పుడు కోడలు ఆటోను చిలకలగూడ మీదుగా పోనిమ్మంది. పిల్లతో అక్కడే దిగిపోయింది. నేను ఇంటికొచ్చి ఇంగువ డబ్బా పారేసి, పదకొండు నెలల పేజీలు తెరిచి, పప్పు, చారు అని ఉన్న ప్రతిచోటా పక్కన ఇంగువ అని రాసుకుంటూ వెళ్ళాను. ఏడు వందల పన్నెండు చోట్ల పడింది. సాయంత్రం కోడలు వాళ్ళమ్మ ఇచ్చిన పోపుల డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది.

"ఇంకనుంచి పోపు నేను పెడ్త."

పక్కకి తప్పుకున్నాను. ఆ వెల్లుల్లి చారు నాకు ఇప్పటికీ నోటికెక్కదు.

మొన్న మొదటి ఆదివారం కోడలు కొలిచింది, నేను రాశాను. మూడు నెలల్లో సెంటీమీటరున్నర. పోయిన పదకొండు నెలల ఎత్తు తిరిగి వస్తుందా అన్నది డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. పిల్ల చెప్పులేసుకుని అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తింది. సాయంత్రం వచ్చాక ఏం తిన్నావని అడగలేదు. ఆ గడి ఖాళీగానే వదిలేశాను.